అమ్మ కాలి మెట్టె

నేను జీవితంలో చాలామందిని చూసి కుళ్ళుకున్నాను. బడికి కొత్త సంచి తగిలించుకొచ్చే పిల్లలను చూసి కుళ్ళుకున్నాను. వనపర్తిలో డిగ్రీ చదివేటప్పుడు, ఆదివారం ఆదివారం ఇంటి నుంచి టిఫిన్ డబ్బా వచ్చే అమ్మాయిలను చూసి కుళ్ళుకున్నాను. అవన్నీ వయసుతో పాటు చల్లారిపోయాయి. చల్లారనిది ఒకటే మిగిలింది. స్కాట్లాండ్‌లో సముద్రం ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊళ్ళో, కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని కాలిగోళ్ళు తీయించుకుంటున్న ఒక ముసలమ్మను చూసి పుట్టిన అసూయ అది.

అప్పుడు నేను అక్కడ ప్రజారోగ్యంలో పీజీ చదువుతున్నాను. ఒక దేశం తన జనం జబ్బు పడకుండా ఎట్లా చూసుకుంటుంది, పడితే ఎవరు మోస్తారు, ఆ మోత ఎవరి నెత్తిన పడుతుంది, ఇదీ మా చదువు. విదేశాల్లో చదివే పిల్లలకు ప్రభుత్వం ఇచ్చే సాయం దొరికితే వెళ్ళాను. మా ఇంట్లో పుట్టినవాళ్ళలో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే. ఆ గర్వం నా నడకలో కనబడేదట. మా వదిన చెప్పింది, చాలా తర్వాత.

పుస్తకాల్లో చదివితే చాలదని మా టీచర్లు మమ్మల్ని ఒక్కొక్కరిని ఒక్కో నర్సు వెంట ఇళ్ళకు పంపేవాళ్ళు. నాకు దొరికిన నర్సు పొడుగు మనిషి, నవ్వుమొహం. చిన్న కారులో సంచీలు వేసుకుని ఊరంతా తిరిగేది. ఆ ముసలమ్మకు షుగరు. మేము వెళ్ళేసరికి కిటికీ పక్కన దుప్పటి కప్పుకుని కూర్చునుంది. నర్సు కింద తివాచీ మీద మోకాళ్ళేసుకుని కూర్చుంది. ముసలమ్మ ఉన్ని మేజోళ్ళు ఊడదీసి, పాదాన్ని తన ఒళ్ళో పెట్టుకుంది. వేళ్ళ సందులు విడదీసి చూసింది. సన్నటి నైలాన్ పోగుతో అరికాలి మీద అక్కడక్కడా తాకించి, "తెలుస్తోందా? ఇక్కడ తెలుస్తోందా?" అని అడిగింది. తర్వాత గోళ్ళు తీసి, ఆకురాయితో నున్నగా రుద్ది, సందుల్లో తడి లేకుండా తుడిచింది. అంతా అయ్యాక ముసలమ్మ ఒక ఫిర్యాదు చేసింది. పోయినసారి వచ్చిన నర్సు చేతులు చల్లగా ఉన్నాయట.

మా నర్సు క్షమించమని అడిగింది! నేను గోడ పక్కన నిలబడి కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. ఒక ముసలమ్మ మీద, ఆమె మేజోళ్ళ మీద, ఆమె ఫిర్యాదు మీద. మా అమ్మ కాలును మా నాన్న కూడా ఎన్నడూ ఒళ్ళో పెట్టుకుని ఉండడు. ఒక రాజ్యం మనిషిని పంపి, కారులో పంపి, మోకాళ్ళ మీద కూర్చోబెట్టి మా అమ్మ గోళ్ళు తీయించడం అనేది నా ఊహకే అందలేదు. బస్సులో హాస్టలుకు తిరిగొస్తుంటే నాకు ఏడుపు రాలేదు, ఉత్త కడుపుమంట.

మా అమ్మకూ షుగరే. మాది పెద్దమందడి పక్క ఊరు. బతుకుదెరువు వెతుక్కుంటూ గద్వాలకు వచ్చి, మగ్గాల చప్పుడు వినబడే ఒక సందులో కిరాయికి ఉంటున్నాం. అన్న బస్టాండు దగ్గర ఆటో నడుపుతాడు. నాన్న పూణెలో పెద్ద పెద్ద భవనాల మీద సెంట్రింగ్ పనికి పోతాడు. అమ్మ చుట్టుపక్కల పత్తి విత్తనం చేలల్లో క్రాసింగ్ పని చేస్తుంది. విత్తనానికి వేసిన పత్తిలో పువ్వు పువ్వునూ చేత్తో కలపాలి. సాయంత్రం మొగ్గలు ఒలిచి, మర్నాడు పొద్దున్నే మగపూలు తెచ్చి రుద్దాలి. నీళ్ళు పారిన సాళ్ళల్లో చెప్పులు వేసుకుంటే బురద పట్టుకుని కాలు లేవదు. అందుకని అందరూ ఉత్తకాళ్ళతోనే తిరుగుతారు. క్రాసింగ్ రోజుల్లో మా అమ్మ పాదాలు ఎప్పుడు చూసినా నానిపోయి తెల్లగా ఉండేవి.

ఆ సాయంత్రం వీడియో కాల్ చేసి, "అమ్మా, నీ కాళ్ళు చూపించు" అన్నాను.

"కాలేంది సూసేది? మొకం సూడు" అంది అమ్మ. ఫోను గడ్డం కింద పట్టుకుని మాట్లాడే అలవాటు ఆమెది. నాకు ముక్కు రంధ్రాలు, రేకుల కప్పు తప్ప ఏమీ కనబడేవి కావు.

కాలు సంగతి నాకు చెప్పింది మా వదిన. అక్కడ చలి తగ్గుతున్న రోజులు. ఫోను చేసి గొంతు తగ్గించి, "పిల్లా, అత్తమ్మ ఎడమకాలి వేలు రంగు మారుతుంది. మట్టె కింద ఒరుసుకొని పుండువడ్డది. వేలు వాచి మట్టె లోపలికి దిగవడ్డది. దవాఖానకు రమ్మంటే రాదు. నీకు చెప్పొద్దని నాతోని ఒట్టు వెట్టించుకుంది" అంది.

నాకు భయం వేసింది. షుగరున్న మనిషి కాలి వేలు నల్లబడితే తర్వాత ఏమవుతుందో నేను ఆ వారమే చదివాను. బొమ్మలతో సహా చదివాను. భయం వెనకే ఇంకోటి కూడా వచ్చింది, అది చెప్పకపోతే ఈ రాతకు అర్థం లేదు. అమ్మ తన కాలు వదినకు చూపించింది, నాకు చూపించలేదు.

ఎండాకాలంలో థీసిస్ పని పెట్టుకుని గద్వాలకు వచ్చాను. నల్లమల అంచున ఉన్న మన్ననూర్ చుట్టుపక్కల కుటుంబాలు జబ్బు చేస్తే ఆసుపత్రికి ఎట్లా చేరతాయి అన్నది నా విషయం. దానికంటే ముందు అమ్మను ఆటోలో కూర్చోబెట్టి దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు చిన్న వయసు వాడు, ఓపికగా చూశాడు. వేలు ఇంకా బతికే ఉందని, మెట్టె కోసేసి కట్టు కడితే నిలబడే అవకాశం ఉందని, ఆలస్యం చేస్తే వేలే తీసేయాల్సి వస్తుందని, అది పాదం దాకా కూడా పోవచ్చని చెప్పాడు. కట్టర్ ఉంది, ఒక్క నిమిషం పని అన్నాడు.

అమ్మ కాలు చీరలోకి లాక్కుంది. "మా ఆయన ఉండంగ మట్టెలెట్ల తీస్త సారూ?" అని లేచి బయటికి నడిచింది. కుంటుకుంటూనే అయినా నేను అందుకోలేనంత వేగంగా నడిచింది.

ఇంటికొచ్చాక నేను అరిచాను. అమ్మ నాకంటే గట్టిగా అరిచింది.

"మీ నాయన యాడ నిలవడి పని జేస్తడో నీకు ఎరుకనా? గాలిల నిలవడ్తడు. కట్టె మీద కాలు వెట్టి నిలవడ్తడు. ఈడ నేను మట్టె తీస్తే ఆడ ఆయన కాలు జారితే? నీ చదువు తెస్తదా మీ నాయనను?"

నాన్నకు ఫోను కలిపాను. వెనక కాంక్రీటు కలిపే యంత్రం మోత. "తియ్యమను. నాకేం గాదు" అన్నాడు నాన్న. స్పీకర్లో విన్నది అమ్మ. "మొగోనికేం తెలుస్తది" అని ఫోను నా చేతిలో పెట్టింది. మా వాడలో సగం ఇళ్ళు చర్చికి పోతాయి. ఆ ఆడవాళ్ళలో చాలామంది మెట్టెలు పెట్టుకోరు. వాళ్ళ మొగుళ్ళు కూడా పూణెలో అదే పని చేస్తున్నారు కదా, వాళ్ళకేమైంది అని అడిగాను. "వాళ్ళకు ప్రభువున్నడు" అంది అమ్మ.

చివరికి నా దగ్గరున్న పెద్ద ఆయుధం తీశాను. కిటికీ పక్క ముసలమ్మ సంగతి చెప్పాను. నర్సు, కారు, ఒళ్ళో పాదం, ఆకురాయి, చల్లటి చేతుల ఫిర్యాదు, అంతా చెప్పాను. చెప్తుంటే నాకే మళ్ళీ ఒళ్ళు మండింది. అమ్మ నోరు తెరుచుకుని విన్నది.

"ఆమెకు ఎవ్వరు లేరా?" అంది.

"ఉన్నారు. కొడుకు అదే ఊళ్ళో ఉంటాడు."

"కొడుకు ఉండంగ సర్కారోళ్ళు వచ్చి కాళ్ళు పట్టుకునుడేంది? పాపం!"

నేను ఏ మనిషిని చూసి నెలల తరబడి నిద్ర చెడగొట్టుకున్నానో, ఆ మనిషి మీద మా అమ్మ జాలిపడింది. అసూయ పడే హక్కు ఎవరికన్నా ఉంటే అది ఆమెకే ఉంది. ఆమె ఆ హక్కును ఒక్క 'పాపం'తో పారేసింది. నాకు వచ్చిన కోపానికి పళ్ళెం ముందు నుంచి లేచిపోయాను.

వదిన పొయ్యి దగ్గర రొట్టె కొడుతూ ఇదంతా వింటోంది. మా అన్న పెళ్ళాం నాకంటే కొంచెం పెద్దది. మాట తక్కువ, చెయ్యి చురుకు. "ఆ నర్సు ఏం చదివింటది పిల్లా?" అని అడిగింది.

"నర్సింగే."

"మీ క్లాసు ఎట్లుంటది? బెంచీలా, కుర్చీలా?"

"కుర్చీలే. ఇప్పుడు అదా ముఖ్యం?" అన్నాను.

ఆమె మళ్ళీ అడగలేదు. సాయంత్రం అయ్యేసరికి గోరువెచ్చని నీళ్ళు తెచ్చి అమ్మ ముందు కూర్చుంది. అమ్మ ఎవరూ అడగకుండానే కాలు చాపింది. ఇది రోజూ జరిగే పని అని ఆ చాపడంలోనే తెలిసిపోయింది. వదిన అమ్మ మెట్టె చుట్టూ, పుండుకు చెయ్యి తగలకుండా నీళ్ళు పోసి, పాతచీర ముక్కతో అద్దింది. నేను పోయి చెంబు అందుకోబోయాను. నా చెయ్యి తగలగానే అమ్మ కాలు బిగబట్టింది.

"నీకు రాదు బిడ్డా. ఆమెను చెయ్యనియ్" అంది. తర్వాత వదినతో, "జర మెల్లగ బిడ్డా" అంది.

మా ఇద్దరినీ ఒకే మాటతో పిలిచింది. అంతకు ముందు కూడా పిలిచే ఉంటుంది. ఆ సాయంత్రం మాత్రం నాకు అది దొంగతనంలా వినబడింది. ఆ కాలు మీద మొదటి హక్కు నాది. ఆ కాళ్ళ మీద పడుకోబెట్టుకునే నాకు చిన్నప్పుడు నీళ్ళు పోసింది. సముద్రాలు దాటి పాదాల గురించి చదువుకొచ్చింది నేను. నీళ్ళచెంబు మాత్రం వదిన చేతిలో ఉంది.

రోజూ అదే వాదన జరిగింది. రోజూ అమ్మే గెలిచింది. వేలు రంగు ముదురుతూనే ఉంది. నేను మన్ననూర్ పోవలసిన రోజు వచ్చింది. పోకపోతే థీసిస్ లేదు. థీసిస్ లేకపోతే అంత దూరం పోయి చదివింది గాలికి పోతుంది. మందుల చీటీలు రాసి గోడకంటించి, వదినకు వంద జాగ్రత్తలు చెప్పి నాగర్‌కర్నూల్ బస్సెక్కాను. ఆమె అన్నింటికీ తలూపింది.

మన్ననూర్‌లో నా పని జనాన్ని ప్రశ్నలు అడగడం. చీకటి పడితే గేటు పడే అడవి దారి, పులుల అడవి కాబట్టి అటవీశాఖ వాళ్ళ నిబంధనలు, వాటి మధ్య ఒక నొప్పులు పడే ఆడమనిషిని ఎట్లా దాటిస్తారు, ఎవరికి ఫోను చేస్తారు, ఎవరు తోడు వస్తారు. జవాబులు రాసుకుంటూ ఉంటే ప్రతి దాంట్లోనూ ఎవరో ఒక కోడలో, చెల్లెలో, పక్కింటామెనో కనబడేది. దారి పొడుగునా మోసిన మనిషి ఆమే. ఫోను సిగ్నలు సరిగ్గా దొరికేది కాదు. దొరికినప్పుడు అమ్మకు చేస్తే "మంచిగున్న" అనేది. వదినకు చేస్తే "నువ్వొచ్చినంక సూద్దువు తియ్" అనేది. ఆ మాటలో ఏదో దాస్తోందని నాకు అనుమానం. ఎంత అడిగినా చెప్పలేదు.

తిరిగి గద్వాలకు వచ్చిన రోజు వానకు సందంతా చిత్తడిగా ఉంది. బస్టాండులో అన్న ఆటో కనబడలేదు. వేరే ఆటోలో వచ్చి సందు మొదట్లో దిగి, సామాను మోసుకుంటూ నడిచాను. చప్పుడు విని వదిన గడప దగ్గరికి వచ్చింది. బురదలో కాలు జారకుండా నేను నేల చూసుకుంటూ నడుస్తున్నాను కాబట్టి నాకు మొదట కనబడింది ఆమె పాదాలు.

వేళ్ళకు మెట్టెలు లేవు.

ఆమె వెనక గోడకు చేరబడి అమ్మ కూర్చునుంది. ఎడమకాలికి తెల్లటి కట్టు ఉంది. కుడికాలు బయట ఉంది. ఆ కాలి వేలు కూడా బోడిగా ఉంది. మెట్టెలు మూఢనమ్మకం అని నెలరోజులు వాదించిన నేను, ప్రజారోగ్యం చదివిన నేను, సామాను బురదలో పారేసి, "నాన్నకేమైంది? అన్నకేమైంది?" అని కేక పెట్టాను. నా కేకకు పక్కింటివాళ్ళు బయటికొచ్చారు. మగ్గం చప్పుడు ఆగిపోయింది.

అమ్మ నవ్వింది. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "ఎవ్వరు సావలే. సంచి తీస్కొని లోపటికి రా. నన్ను అన్నవ్ గదనే ఇన్ని దినాలు, ఇప్పుడు నువ్వెందుకు మొత్తుకున్నవ్?"

అసలు సంగతి అమ్మే చెప్పింది, వదిన చెప్పలేదు. నేను మన్ననూర్ పోయిన మర్నాడే వదిన తన రెండు కాళ్ళ మెట్టెలూ తీసి అమ్మ ముందు పెట్టిందట. "నా మొగడు గూడ దినాం రోడ్డు మీదనే ఉంటడు. కర్నూలు దాక ఆటో కొట్టుకొని పోతడు. సూద్దాం అత్తమ్మా. ఆయనకేం గాకుంటే మామకు గూడ ఏం గాదు" అన్నదట. అమ్మ తిట్టింది, ఏడ్చింది, నా కొడుకు మీదికి తెచ్చినవని అన్నం మానేసింది. వదిన మెట్టెలు పెట్టుకోలేదు. మా అన్న మొదట నవ్వి, తర్వాత పరేషాన్ అయి, బండి కొంచెం నిమ్మళంగా నడపడం మొదలుపెట్టాడట. సాయంత్రం ఆటో చప్పుడు వినబడేదాకా అమ్మ గడప మీదే కూర్చునేది. అన్న దిగి ఇంట్లోకి రాగానే లేచి లోపలికి పోయేది. అట్లా రోజూ వచ్చాడు. వాడలో ఆడవాళ్ళు వదిన కాళ్ళు చూసి చెవులు కొరుక్కున్నారు. నల్లా దగ్గర ఒకామె మొహం మీదే అడిగిందట. "అత్త కాలు మానేదాక పెట్టుకోను" అని చెప్పి వదిన బిందె ఎత్తుకుని వచ్చిందట.

ఒకరోజు పొద్దున్న అమ్మే, "పా బిడ్డా, పోదాం" అంది. దవాఖానకు కాదు. గద్వాల బజారులో మెట్టెలు చేసే ఔసలాయన దగ్గరికి. పెట్టే చెయ్యే తీయాలన్నది ఆమె పట్టు. ఆయన సన్నటి ఆకురాయితో మెల్లగా కోసి విప్పాడు. ఆ తర్వాతే దవాఖానకు పోయి కట్టు కట్టించుకున్నారు. కుడికాలిది ఎందుకు తీశావని అడిగితే, "ఒక్క కాలికి ఉంటే ఇంకా పాడు" అంది.

నేను సంతోషపడాలి. అమ్మ వేలికి ఒక దారి దొరికింది. నేను అడిగిందే జరిగింది. కానీ నేను గోడవారగా కూర్చుని నా కాళ్ళు చూసుకున్నాను. నాకు పెళ్ళి కాలేదు. నా కాళ్ళకు ఎన్నడూ మెట్టెలు లేవు. అమ్మ భయం పక్కన పెట్టి చూపడానికి నా దగ్గర అంత బరువైన వస్తువే లేదు. ఎంత చదివితే మాత్రం నాకు అది వచ్చేది? ఒళ్ళంతా మంటలు లేచాయి.

"నేను ముందు నుంచీ చెప్తనే ఉన్న గద, ఏం గాదని" అన్నాను వదినతో, విసురుగా.

"చెప్పినవ్. చెప్పి మన్ననూరు పోయినవ్" అంది ఆమె. చేతిలో గిన్నె కింద పెట్టి నా ఎదురుగా కూర్చుంది. "నన్ను సూసి ఎందుకు మండుతున్నవ్ పిల్లా? వచ్చిన కాన్నుంచి సూస్తున్న. నేను నీళ్ళచెంబు పట్టుకుంటే నీ కండ్లు ఎర్రగైతయ్. నా సంగతి నీకు తెల్వదు. వనపర్తిల ఇంటర్ బైపీసీ చదివిన. నర్సింగుల సీటొచ్చింది. పెండ్లి కుదిరిందని పంపలే. నువ్వు విమానమెక్కిన దినం నేను అన్నం తినలే. కడుపునొస్తుందని అబద్ధం చెప్పిన. నీ నడక సూస్తె నాకు పొయ్యిల కట్టెతోని నెత్తిమీద కొట్టబుద్ధయ్యేది."

ఇక్కడ నేను ఆమె చేతులు పట్టుకుని ఏడ్చానని రాస్తే బాగుంటుంది. అట్లా జరగలేదు. నిజం చెప్పాలంటే నాకు లోపల చల్లగా అనిపించింది. ఇన్నేళ్ళూ నేనే అందరినీ చూసి కుళ్ళుకున్నాననుకున్నాను. నన్ను చూసి కుళ్ళుకున్న మనిషి ఒకరు ఒకే ఇంట్లో, ఒకే చాప మీద పడుకుందని ఎప్పుడూ తెలియలేదు. ఆ కోపం నాకు చాలా దగ్గరి చుట్టంలా కనబడింది. "నాకు చాయ్ తెస్తవా?" అన్నాను. "నువ్వే పెట్టుకో" అంది. అయినా ఇద్దరికీ టీ పెట్టి తెచ్చింది.

నేను తిరిగి వెళ్ళేనాటికి వేలు సంగతి తేలలేదు. నల్లదనం కొంత ఆగింది. కానీ ఎర్రదనం రాలేదు. ఇంకొంతకాలం చూడాలని, నిలబడనూ వచ్చు, పోనూ వచ్చు అని డాక్టరు చెప్పాడు. అమ్మ ఎయిర్‌పోర్టుకు రాలేదు. కాలు కింద పెట్టొద్దని వదిన కట్టడి చేసింది. ఆ కట్టడి చేసే హక్కును చూసి కూడా నాకు కుళ్ళు వచ్చింది.

స్కాట్లాండ్‌లో ముసలమ్మ అట్లాగే కిటికీ పక్కన ఉంది. నేను ఆమెను మళ్ళీ చూడడానికి వెళ్ళాను. ఆమె ఒంటరిది, గోడలతో మాట్లాడుకుంటోంది అని రాస్తే నాకు ఓదార్పుగా ఉండేది. మా వైపు చదివేవాళ్ళకు కూడా హాయిగా ఉండేది. అక్కడ సౌకర్యం ఉంది, ఇక్కడ ఆప్యాయత ఉంది అని సర్ది చెప్పుకుని నిద్రపోవచ్చు. కానీ ఆమె ఒంటరిది కాదు. కొడుకు ఆదివారం చేపలు తెస్తాడు, ఇద్దరూ పేకాడుకుంటారు, ఆట మధ్యలో గట్టిగా పోట్లాడుకుంటారు. కాళ్ళు నర్సు చూసుకుంటుంది కాబట్టి కొడుక్కు పేకాటకు తీరిక దొరుకుతుంది. ఆరోజు మా పొడుగు నర్సు లేదు. సెలవు పెట్టి ఎండ కాసే దేశానికి పోయిందట. ఆమె బదులు ఇంకొకామె వచ్చింది. ఆమె చేతులు వెచ్చగానే ఉన్నాయేమో, ముసలమ్మ ఏమీ అనలేదు. నేను మా వదిన సెలవుల గురించి ఆలోచించాను. ఆలోచించడానికి ఏమీ లేదు.

థీసిస్ మీద క్లాసులో మాట్లాడే రోజు వచ్చింది. నేను మన్ననూర్ దారుల గురించి, రోగులను మోసుకొచ్చే ఆడవాళ్ళ గురించి చెప్పాను. మాట్లాడడం అయిపోయాక ఒక క్లాస్‌మేట్, మంచి అమ్మాయే, "మీ దగ్గర కుటుంబాలు ఎంత బాగా చూసుకుంటాయో కదా, మాకు అసూయగా ఉంది" అంది. నేను ఉండబట్టలేకపోయాను. కుటుంబం అంటే కుటుంబం కాదు, ఒక మనిషి అన్నాను. ఆ మనిషికి నర్సింగులో సీటు వచ్చింది, ఆమెను పోనివ్వలేదు, ఇప్పుడు అదే పని చేస్తోంది, ఎవరూ ఆమెను నర్సు అనరు అన్నాను. మా టీచరు తలూపి ఏదో రాసుకుంది. ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది. పాపం, ఆమె తప్పేం లేదు. ఆమె వాడిన అసూయ అన్న మాట మాత్రం నాది, ఇంకొకరి నోట వినలేకపోయాను.

అందరూ వెళ్ళిపోయాక ఖాళీ క్లాసులో కూర్చున్నాను. ఫోను మోగింది. వీడియోలో వదిన. వెనక మగ్గం చప్పుడు, రేకుల కప్పు. గద్వాలలో అప్పుడు సాయంత్రం.

"యాడున్నవ్?"

"క్లాసులో."

"ఎవరన్న ఉన్నరా ఆడ?"

"ఎవరూ లేరు."

"అయితె కుర్చీలు సూపియ్యి" అంది.

నేను కెమెరా తిప్పాను. వరుసగా నీలం కుర్చీలు, తెల్లబోర్డు, దాని మీద సగం తుడిచిన నా రాతలు, కిటికీ, కిటికీ అవతల బూడిదరంగు సముద్రం. మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకు చూపించాను.

"ఇంకోపారి" అంది.

మళ్ళీ తిప్పాను.

"నువ్వు యాడ కూసుంటవ్?"

నా కుర్చీ చూపించాను. దాని పక్క కుర్చీ ఎవరిదని అడిగింది. ఎవరిదీ కాదు, ఎవరు ముందొస్తే వాళ్ళది అన్నాను. "ఎవ్వరిది గాదా" అని తనలో తాను అనుకుంది.

"వదినా, ఇప్పుడు అమ్మ కాలు చూపించు" అన్నాను.

"కాలేంది సూసేది..." అని పక్క నుంచి అమ్మ గొంతు. వదిన ఫోను కిందికి తిప్పింది. అమ్మ పాదం వదిన ఒళ్ళో ఉంది, నీళ్ళ తడి ఇంకా ఆరలేదు. ఎడమకాలి రెండో వేలు ఉంది. నల్లగా లేదు. చివర కొత్త చర్మం లేత రంగులో వచ్చింది. మెట్టె ఉన్నచోట చుట్టూ ఒక గాడి మిగిలింది. దాని పక్కనే మడిచిన వదిన పాదం కనబడుతోంది. ఆమె వేళ్ళకు ఇంకా మెట్టెలు లేవు.

"నువ్వింకా పెట్టుకోలేదా?"

"పుండు పూర్తిగ ఎండాలె. అత్తమ్మ పెట్టుకున్నంక పెట్టుకుంట" అంది. తర్వాత, "ఫోను దించకు పిల్లా. ఆ కుర్చీ మీదనే జరసేపు గట్లనే పట్టు" అంది.

నేను పట్టుకున్నాను. ఆమె కూడా పట్టుకుంది. ఆమె నా పక్క కుర్చీని చూస్తోంది, నేను మా అమ్మ కాలిని చూస్తున్నాను. మా చేతులు నొప్పెట్టినా ఇద్దరిలో ఎవరం ముందు ఫోను దించలేదు.